బాపుకు మాట తిరిగొచ్చిన పది రోజులు

పోయిన నెల మా బడిలో నాతో పనిచేసే టీచరమ్మ ఒకామె రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది. వాళ్ల అత్తమ్మకు 76 ఏళ్లు, నర్సంపేట దగ్గర పల్లె. నెల రోజులుగా మాట తడబడుతోందని, అన్నం కలిపితే కుడి చేతిలో ముద్ద నిలవడం లేదని హన్మకొండ తీసుకొచ్చి చూపించారు. స్కానింగ్‌లో తలలో గడ్డ కనిపించింది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్ష చేయాలి అన్నారట.

"అక్కా, మీ బాపుకు గిదే కదా వచ్చింది. చేయించాల్నా వద్దా? ఇంట్ల తలా ఒక మాట అంటున్నరు."

అత్తమ్మకు తెలుసా అని అడిగాను.

"అయ్యో, ఎట్ల చెప్తమక్కా! నరాల వాపు అని చెప్పినం."

నరాల వాపు. 2022లో మా ఇంట్లో మేం చెప్పిన అబద్ధం కూడా అచ్చంగా అదే. ఫోన్ పట్టుకుని కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ రాత్రి ఆమెతో సగం సగం చెప్పింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఈ జబ్బు పెద్ద వయసు వాళ్లకు వస్తే చేయించాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ముందు ఆ మనిషికి విషయం చెప్పాలి, ఏం కావాలో అడగాలి. అదీ ఆపరేషన్‌కు ముందే, మొదటి వారం పది రోజుల్లోనే. వేరే చాలా క్యాన్సర్లలో ఇవాళ చెప్పలేకపోతే వచ్చే నెల చెప్పవచ్చు, దాదాపు చివరిదాకా మనిషికి తెలివి ఉంటుంది, మాట ఉంటుంది. ఇది అలా కాదు. చాలాసార్లు ముందు మాటను తీసుకుపోతుంది, ఆ తర్వాత ఆలోచనను, మనిషి చివరగా పోతాడు. తర్వాత చెప్దాంలే అనుకున్నవాళ్లకు ఆ తర్వాత రాదు. మాకు రాలేదు.

ఉద్దెర బుక్కు

మా బాపు అజంజాహీ మిల్లులో పనిచేశాడు. 2002లో మిల్లు మూతపడ్డాక కరీమాబాద్‌లో ఇంటి ముందరి గదిలో కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు నడిపాడు. లెక్క దగ్గర ఎంత ఖచ్చితమంటే, ఎవరింట్లో ఎంత ఉద్దెర ఉందో బుక్కు తెరవకుండానే చెప్పేవాడు. 2022లో బతుకమ్మ పండుగకు నెల ముందు నుంచి ఆ బుక్కులో పేర్లు తారుమారు కావడం మొదలైంది. ఎవరో పసుపు అడిగితే "అదీ... ఆ పచ్చది" అని చెయ్యి చూపించేవాడు. 73 ఏళ్ల మనిషి, వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం. తలనొప్పి ఒక్కరోజు కూడా రాలేదు. వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుందట, పుర్రెలో దానికీ ఎముకకూ మధ్య జాగా ఏర్పడుతుందట, అందుకే పెద్దవాళ్లలో గడ్డ చాలా పెద్దదయ్యేదాకా నొప్పి తెలియకపోవచ్చని నాకు ఆ తర్వాత అర్థమైంది. మతిమరుపులాగో, పక్షవాతంలాగో కనిపిస్తుంది. మా వీధిలో అందరూ పెరాలసిస్ అనే అనుకున్నారు.

సద్దుల బతుకమ్మ తెల్లారి పొద్దున దుకాణంలోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోతే సీటీ తీశారు, తర్వాత ఎమ్మారై తీశారు. మమ్మల్ని పక్కకు పిలిచి ఎడమ వైపు పెద్ద గడ్డ, చుట్టూ బాగా వాపు, హైదరాబాద్ తీసుకుపోండి అన్నారు. అంతలో ఫిట్స్ రాకుండా ఒక మందు, వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ మొదలుపెట్టారు.

మూడో రోజు బాపుకు మాట తిరిగొచ్చింది. నిజంగా, సగం కాదు, దాదాపు పూర్తిగా. దుకాణంలో ఎవరు కూర్చుంటున్నారని అడిగాడు. పాల ప్యాకెట్ల వానికి డబ్బులు ఇచ్చారా అన్నాడు. సర్వపిండి తినాలని ఉంది అన్నాడు, వదిన చేసి తెస్తే రెండు తిన్నాడు. అన్న సంబరంగా చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, మందు పనిచేస్తోంది, తగ్గుతోంది అని. ఆ మందు గడ్డను ఏమీ చేయదని, చుట్టూ ఉన్న వాపును మాత్రం కొన్నాళ్లు తగ్గిస్తుందని, ఆ ఆకలి కూడా మందు వల్లేనని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఐదో రోజు సాయంత్రం అన్న చాయ్ తేవడానికి పోయాడు. గదిలో నేనూ బాపూ ఉన్నాం.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఏమైంది నాకు? సక్కగ చెప్పు."

"నరాల వాపు బాపూ. గోళీలతోటి తగ్గుతున్నది కదా."

"వాపుకు పట్నం ఎందుకు తీస్కపోతున్నరు?"

అక్కడ మంచి మిషన్లు ఉంటాయన్నాను. నా ముఖం వైపు కొంచెంసేపు చూశాడు. "సరే తియ్" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను అబద్ధం చెప్తున్నానని ఆయనకు అర్థమైందని నాకు ఆ క్షణమే తెలుసు. అయినా నోరు తెరవలేదు. అట్లా మొత్తం పది రోజులు ఉంది ఆ మాట.

తర్వాత జరిగింది తొందరగా చెప్తాను. ఆపరేషన్‌లో గడ్డ కొంతే తీయగలిగారు. బయటికి వచ్చేసరికి కుడి చెయ్యి ఇంకా బలహీనపడింది, మాట మళ్లీ ముక్కలైంది. నెల తర్వాత కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. రేడియేషన్‌ను మా దగ్గర అందరూ అట్లాగే అంటారు. 30 సిట్టింగులు, ఆరు వారాలు, శని ఆదివారాలు సెలవు. ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాం, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. తల కదలకుండా ముఖానికి జాలీలాంటి మాస్కు బిగించి బల్లకు కట్టేవాళ్లు, బయటికి వచ్చేసరికి నుదుటి మీద గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉండేది. పరగడుపున కీమో గోళీ, దానికి ముందు వాంతులు కాకుండా ఇంకో గోళీ. డెక్సా వల్ల షుగర్ పెరిగింది, రాత్రిళ్లు నిద్ర పోయింది, తొడల్లో బలం పోయి కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోయాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం మూలన ఉన్న సంచి వైపు ఎడమ చెయ్యి చూపించేవాడు, ఇంటికి పోదామని. "ఇంకా పన్నెండే బాపూ, ఇంకా ఏడే బాపూ" అనేవాళ్లం. సంక్రాంతికి ముందు ఇంటికి తెచ్చాం. మే నెల నడిమిలో పోయాడు. ఫిట్స్ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఏడున్నర నెలలు, అందులో మూడు నెలలు పట్నంలోనే గడిచాయి.

మార్చిలో ఒకరోజు ఉద్దెర బుక్కు కావాలని సైగ చేశాడు. ఇచ్చాం. ఎడమ చేత్తో పేజీలు తిప్పి, తిప్పి, ఒకచోట వేలు పెట్టి "ఏడు... ఏడు" అన్నాడు. ఏడో పేజీ తీశాం, కాదు. ఏడు వందలా, ఏడు వేలా అన్నాం, కాదు. ఎవరైనా ఏడుగురా, ఏడో తారీఖా? అమ్మ "నన్ను ఏడ్వకు అంటున్నడేమో" అంది. అన్న, పోయిన ఏడు సంగతేమో అన్నాడు. బాపు అరచేత్తో బుక్కును నాలుగైదుసార్లు కొట్టి ఏడ్చాడు. ఆ బుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ ఏడు ఏమిటో నాకు తెలియదు. తన దగ్గర ఎక్కువ రోజులు లేవని ఆయనకు తెలిసి ఉంటే ఆ పది రోజుల్లోనే చెప్పేవాడు. టైం ఉంది అనుకున్నాడు, ఎందుకంటే నేను ఉందని చెప్పాను.

అంకెలు చూస్తే

బాపు పోయాక నేను చదవడం మొదలుపెట్టాను. ముందే చదవాల్సింది, తెలుసు. నేను డాక్టర్ను కాను, లెక్కల టీచర్ను, అందుకని అంకెల దగ్గర నుంచి మొదలుపెట్టాను.

ఈ జబ్బుకు ప్రపంచమంతా వాడే పద్ధతి, అంటే ఆరు వారాల కరెంటూ దాంతోపాటు టెమోజొలొమైడ్ అనే కీమో గోళీలూ, 2005లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనతో స్థిరపడింది. అందులో కరెంటు ఒక్కటే పెట్టినవాళ్ల ఆయుష్షు 12.1 నెలలు, గోళీలు కలిపినవాళ్లది 14.6 నెలలు. ఇది సరాసరి కాదు, నడిమి అంకె, అంటే సగం మంది అంతకంటే తక్కువ బతికారు, సగం మంది ఎక్కువ. అసలు విషయం ఏమిటంటే ఆ పరిశోధనలో 70 దాటినవాళ్లను తీసుకోలేదు. మా బాపుకు 73.

70 దాటినవాళ్లతో ఫ్రాన్స్‌లో విడిగా చేశారు, 2007లో వచ్చింది. కరెంటు పెట్టకుండా బాధ తగ్గించే వైద్యం మాత్రం చేసినవాళ్లు దాదాపు 17 వారాలు, కరెంటు పెట్టించుకున్నవాళ్లు 29 వారాలు. కరెంటు వల్ల వాళ్ల రోజువారీ స్థితి అదనంగా దెబ్బతినలేదని కూడా తేలింది. కాబట్టి పెద్ద వయసులో వైద్యం దండగ అనేవాళ్ల మాట తప్పు. దీన్ని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఈ వ్యాసం చదివి ఎవరూ తమ ముసలి తల్లిని ఇంట్లో పడుకోబెట్టడానికి దీన్ని సాకుగా వాడుకోకూడదు.

కానీ ఎన్ని సిట్టింగులు? 2004లోనే కెనడా వాళ్లు 60 దాటినవాళ్లలో ఆరు వారాలు 30 సిట్టింగులు, మూడు వారాలు 15 సిట్టింగులు పోల్చి చూశారు. 5.1 నెలలు, 5.6 నెలలు. ఏమీ తేడా లేదు. పైగా మూడు వారాల వాళ్లలో డెక్సా మోతాదు పెంచాల్సిన అవసరం తక్కువ మందికి వచ్చింది. 2017లో 65 దాటిన 562 మందితో ఇంకోటి వచ్చింది, మూడు వారాల కరెంటుకు గోళీలు కలిపితే ఆయుష్షు 7.6 నెలల నుంచి 9.3 నెలలకు పెరిగింది. గడ్డలో ఎంజీఎంటీ అనే జన్యువు మూసుకుపోయి ఉన్నవాళ్లలోనైతే గోళీలు బాగా పనిచేసి 7.7 నుంచి 13.5 నెలలకు పోయింది. ఆ పరీక్ష ముక్క నుంచే చేస్తారు. అది మూసుకుపోయి ఉంటే, కరెంటు తట్టుకోలేని పెద్దవాళ్లకు గోళీలు ఒక్కటే ఇచ్చే దారి కూడా ఉంది. మరీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఐదంటే ఐదే సిట్టింగులు, ఒక్క వారం పెట్టి చూసిన పరిశోధన 2015లో వచ్చింది, మూడు వారాల దానికి అది తీసిపోలేదు.

ఐదు రోజులు. ఆ అంకె మొదటిసారి చదివిన రాత్రి నాకు ఆ రెండో అంతస్తు మెట్లు గుర్తొచ్చాయి.

డాక్టర్ తప్పు చేశాడని నేను అనడం లేదు. బాపు అప్పటికి నడుస్తున్నాడు, వయసు 73 అయినా గట్టి మనిషి, అట్లాంటివాళ్లకు ఆరు వారాలు పెట్టే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. నా బాధ అది కాదు. ఆరు వారాలు, మూడు వారాలు, ఒక్క వారం, ఇట్లా మూడు దారులు ఉన్నాయని మాకు ఎవరూ చెప్పలేదు. "ఫుల్ కోర్స్ ఇద్దాం" అన్నారు, ఫుల్ అంటే మంచిదే కదా అనుకున్నాం. మూడు దారులకూ ఆయుష్షులో పెద్ద తేడా లేనప్పుడు, ఏది ఎంచుకోవాలో వైద్యం తేల్చదు, ఆ మనిషి మిగిలిన రోజులను ఎక్కడ గడపాలనుకుంటున్నాడన్నదే తేలుస్తుంది. మనవరాలి పెళ్లి దాకా ఉండాలి, ఏదైనా భరిస్తాను అనే మనిషికి ఒక దారి. నా దుకాణం ముందు వేపచెట్టు కింద కూర్చుంటే చాలు అనే మనిషికి ఇంకో దారి. బాపు రెండో రకమని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. కానీ అది నా ఊహ, ఆయనను అడగలేదు.

చెప్తే కుంగిపోతారా

ఇక్కడ అందరూ చెప్పే అభ్యంతరం నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నాదే. చెప్తే కుంగిపోతారు, అన్నం మానేస్తారు, ఉన్న నాలుగు రోజులూ ఏడుస్తూ గడుపుతారు. ఇది ఉత్త భయం కాదు. మా పెద్దనాయినకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చినప్పుడు, వరండాలో పదిమంది మధ్య నిలబెట్టి ఒక డాక్టర్ "లాస్ట్ స్టేజ్" అనేశాడు. పెద్దనాయిన ఇంటికొచ్చి మంచం ఎక్కాడు, మళ్లీ దిగలేదు. మంచం పట్టేంతగా జబ్బు అప్పటికి ముదరలేదు. అందుకే బాపు విషయంలో మేమంతా నోళ్లు కుట్టుకున్నాం. ఆ నిర్ణయం ప్రేమతోనే తీసుకున్నాం, అందులో నాకు అనుమానం లేదు.

అయితే ఇప్పుడు వెనక్కి చూస్తే పెద్దనాయినను పడగొట్టింది నిజమేనా, లేక ఆ నిజాన్ని అట్లా ఒక్క దెబ్బలో, ఒంటరిగా, చేతిలో ఏ దారీ పెట్టకుండా విసిరేసిన తీరా అన్నది నాకు ఇంకా తేలలేదు. రెండూ కావచ్చు. చెప్పడమంటే అంతా ఒకేసారి కుమ్మరించడం కాదు. బాపు నన్ను "వాపుకు పట్నం ఎందుకు" అని అడిగినప్పుడు తలుపు ఆయనే తెరిచాడు. "వాపు ఒక్కటే కాదు బాపూ, లోపల గడ్డ ఉన్నది, అది మంచి గడ్డ కాదంటున్నరు" అని ఉంటే సరిపోయేది. నెలల లెక్క చెప్పాల్సిన పని లేదు, ఆయన కావాలనుకుంటే అడిగేవాడు. అడగకపోతే అదీ ఆయన ఇష్టమే, తెలుసుకోవద్దనుకునే హక్కు కూడా మనిషికి ఉంది. కొందరు నిజంగానే "నాకేం చెప్పకుండ్రి, మీరే చూస్కోండ్రి" అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాక దాచడం వేరు, మనమే ముందుగా ఊహించుకుని దాచడం వేరు.

ఇంకో సంగతి. దాచామని మనం అనుకుంటాం గానీ, ఆసుపత్రి బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది, పక్క బెడ్డు వాళ్లు మాట్లాడుకుంటారు, ఊరి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు బయట ముక్కు చీదుకుంటారు. ముసలివాళ్లు అమాయకులు కారు. బాపుకు తెలుసు. తెలిసినా మాతో మాట్లాడకుండా చేసింది మేమే.

"నాకెందుకు బిడ్డా ఖర్చు"

నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఉన్నది ఇక్కడ. అడగాలి, అడగాలి అంటున్నాను కదా, మన అమ్మలను అడిగితే ఏం చెప్తారు? మా అమ్మను నేనే అడిగి చూశాను, బాపు పోయిన ఏడాదికి. "నాకు గట్ల వస్తే ఏం చేయాల్నమ్మా?" ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకెందుకు బిడ్డా ఖర్చు. పిల్లల సదువులు జూస్కోండ్రి." ఇది ఆమె కోరికా? కాదు, అరవై ఏళ్లుగా నేర్చుకున్న అలవాటు, అన్నంలో చివరి ముద్ద తనది అనుకునే అలవాటు. ఆ జవాబు పట్టుకుని "అమ్మే వద్దంది" అని చేతులు దులుపుకున్న కొడుకులను నేను చూశాను. ఈ జబ్బు మగవాళ్లలో కొంచెం ఎక్కువే, కానీ పట్నంలో ఆ వార్డులో నేను చూసిన ముసలివాళ్లలో ఆడవాళ్లు అంత తక్కువగా ఉండటానికి అదొక్కటే కారణమంటే నేను నమ్మను.

అందుకే అడిగేముందు డబ్బు సంగతి పక్కన పెట్టాలి, అదీ గట్టిగా చెప్పి పెట్టాలి. ఆరోగ్యశ్రీ కింద ఎంతవరకు వస్తుందో ముందే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి, 2023 డిసెంబరులో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నిమ్స్ ఉంది. ఆ లెక్క అంతా అయ్యాక, "అమ్మా, పైసల సంగతి మేం జూసుకున్నం, అది ముచ్చటనే కాదు. నువ్వు ఇంటి దగ్గర ఉండాల్ననుకుంటున్నవా, కొన్ని రోజులు పట్నంల ఉండి చేయించుకుంటవా?" అని అడగాలి. ఒకసారి కాదు. రెండోరోజు మళ్లీ. ఇంట్లో పదిమంది ఉన్నప్పుడు కాదు, ఎవరి దగ్గర ఆమె మనసు విప్పుతుందో వాళ్లు అడగాలి, చాలా ఇళ్లలో అది కొడుకు కాదు, బిడ్డనో చెల్లెనో అవుతుంది. ఆ రెండో మూడో జవాబులోనే అసలు మాట ఉంటుంది.

డెక్సా ఇచ్చాక మాట తేటపడే రోజులు ఉంటాయి కదా, చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తుంది ఆ మార్పు. అందరికీ వస్తుందని కాదు, వచ్చినా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. వస్తే ఆ రోజులను తగ్గిపోతోందని సంబరపడుతూ పోగొట్టుకోవద్దని నా విన్నపం. డాక్టర్లు కూడా ఆ మందు రాసేటప్పుడే ఒక్క ముక్క చెప్పాలి: ఈ వారం కొంచెం మాట బాగుంటుంది, ఏమన్నా మాట్లాడుకునేది ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి అని. అర నిమిషం పని. మాకు ఆ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే!

చివరి రోజుల సంగతి కూడా అప్పుడే అడగాలి, నోరు రాకపోయినా. ఈ జబ్బులో చివరికి చాలామందికి మింగడం పోతుంది. ఏప్రిల్ ఆఖరులో బాపుకు నీళ్లు తాపితే దగ్గు, పొలమారడం. ముక్కులో గొట్టం వేయాలా అన్నది ఇంట్లో పెద్ద గొడవ అయింది. అన్న వేయాలన్నాడు, ఆకలితో చంపుతామా అన్నాడు, ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వేశాం. బాపు ఎడమ చేత్తో రెండుసార్లు పీకేశాడు. మూడోసారి వేసి చేతికి గుడ్డ కట్టాం. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. నెమ్మదిగా నిద్రలోకి జారిపోతున్న మనిషికి ఆకలి మనం అనుకున్నట్టు ఉండదని, నోరు తడుపుతూ ఉంటే చాలని ఇంటికి వచ్చిన నర్సు ఒకామె తర్వాత చెప్పింది. ఆమెను కూడా చివరి పది రోజుల్లోనే పిలిచాం. ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే స్ప్రే ఉంటుందని, దాంతో ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తే పని తప్పుతుందని చెప్పిందీ ఆమెనే. మన రాష్ట్రంలో పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం, విభాగాలు జిల్లాల్లో కూడా ఉన్నాయి, ఆలన పేరుతో ఇంటికి వచ్చి చూసే బండ్లు ఉన్నాయి. అది అన్నీ అయిపోయాక పిలిచేది కాదు, మొదటి నెల నుంచే పిలవాల్సింది.

ఏ గొట్టాలు వద్దు, ఏ మిషన్ మీద పెట్టవద్దు అని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు ఉండి నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో చేయించుకుంటే చాలు. కానీ రాసే మనిషికి తెలివి ఉండాలి, తను రాస్తున్నది తనకు అర్థం కావాలి. ఈ జబ్బులో దానికీ మొదటి రోజులే ఉన్నాయి. బాపు అట్లా ఒక్క మాట, కాగితం మీద కాకపోయినా నోటితో చెప్పి ఉంటే, ఆ చేతికి మేం గుడ్డ కట్టేవాళ్లం కాదు. అన్న కూడా ఇవాళ దాన్ని తలచుకుని రాత్రిళ్లు లేచి కూర్చునేవాడు కాదు.

మొన్న మళ్లీ

ఇదంతా ఆ టీచరమ్మకు ఆ రాత్రి వరుసగా చెప్పలేదు, మధ్యలో నాకూ ఏడుపొచ్చింది. చెప్పండి, అడగండి, డెక్సా మొదలుపెట్టారు కాబట్టి ఈ వారమే, అని మాత్రం పదిసార్లు అన్నాను. పెట్టేశాక భయం పట్టుకుంది. ఆ ఇల్లు నాది కాదు, ఆ అత్తమ్మను నేను చూడలేదు, పెద్దనాయినలాగా మంచం ఎక్కితే?

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్ వచ్చింది. చెప్పారట, ఆడబిడ్డతో చెప్పించారట. అత్తమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, రాత్రి అన్నం తినలేదు. ఇంట్లో అందరూ కోడలి మీద పడ్డారు, నీ మాట విని చేశాం చూడు అని. నా గుండె జారిపోయింది. రెండోరోజు పొద్దున లేచి చాయ్ అడిగి తాగిందట. తర్వాత కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ఒక్కటి అడిగిందట.

"తలకు కోత వెడితే ఎంటికలు మొత్తం తీస్తరా?"

ఆపరేషన్ గురించి ఇంట్లో వారం రోజులుగా అంత గొడవ పడ్డారు, ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. 76 ఏళ్లు, భర్త పోయి ఇరవై ఏళ్లు, ఇప్పటికీ కొప్పు వేసుకునే మనిషట. జవాబు కనుక్కొని చెప్పక్కా, అది తెలిసేదాకా ఏం మాట్లాడను అంటోంది అత్తమ్మ, అంది టీచరమ్మ.

తెల్లారి బాపుకు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేశాను, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి. ముక్క తీసే వరకైతే కోత పెట్టే చోట కొంచెం తీస్తే సరిపోతుందట, అట్లాగే తీయమని ముందు రోజే అడగాలట. కరెంటు పెట్టాక ఆ పక్కన కొంత ఊడుతుంది, అదీ దాచకుండా చెప్పండి అన్నాడు.